జింక్సా, దిష్టా, శాపమా? ఇంగ్లీషులో ఏ కీడుకి ఏ మాట వాడాలి

మొన్న శుక్రవారం దీపాలు పెట్టే వేళ మా అన్నయ్య కూతురు అమలాపురం నుంచి ఫోన్ చేసింది. ఇంట్లోంచే ఒక అమెరికా కంపెనీకి పని చేస్తుంది. "బాబాయ్, మీటింగులో ఈ వారం ఒక్క బగ్గూ రాలేదండీ అన్నాను. అవతలాయన వెంటనే డోంట్ జింక్స్ ఇట్ అన్నాడు, అందరూ నవ్వారు. నేనేమన్నా తప్పుగా మాట్లాడానా? జింక్స్ అంటే దిష్టేగా? నాది దిష్టి కళ్ళు అన్నాడా?" అని ఒకటే టెన్షన్.

దిష్టి కాదమ్మా, నిన్నేమీ అనలేదు, ముందే అనేయకు అన్నాడంతే అని చెప్పాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నేను పాలకొల్లు దగ్గర రొయ్యల ఎగుమతి ఆఫీసులో పన్నెండేళ్ళు విదేశీ కొనుగోలుదార్లకి ఉత్తరాలు రాసే పని చేశాను, ఈ మాటల దగ్గర నేను పడ్డ ఇబ్బందే ఈ పిల్లా పడుతోంది. మన దగ్గర ఒక్కో కీడుకి ఒక్కో మాట ఉంది. దిష్టి వేరు, శాపం వేరు, ఉసురు వేరు, అపశకునం వేరు, గ్రహచారం వేరు, వీటిలో ఒకదాని బదులు ఇంకొకటి అంటే మా నాయనమ్మ కూడా ఊరుకునేది కాదు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అన్నిటికీ కలిపి బ్యాడ్ లక్ అనేసి ఊరుకుంటాం, లేదంటే ఎక్కడో విన్న గట్టి మాట ఒకటి తెచ్చి అతకని చోట పెడతాం.

అందుకని మా అమ్మాయికి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. మాట ఎంచుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ కీడు ఎక్కడినుంచి వచ్చిందని మీరు చెప్పదలుచుకున్నారు? ఒకరి నోటినుంచా, కంటినుంచా, కోపం నుంచా, లేక ఎవరి ప్రమేయమూ లేకుండా వచ్చిపడిందా? దానికి జవాబు తెలిస్తే మాట దానంతటదే దొరుకుతుంది.

నోటినుంచి వచ్చేది జింక్స్. దీన్ని మా ఊరి చెరువుగట్టు మీద చూపిస్తాను. పోయిన పంటలో మా పక్క చెరువు రైతు ఉదయాన్నే చెక్ ట్రే పైకి తీశాడు. మేత శుభ్రంగా తినేసి ఉంది, ట్రేలో నాలుగైదు రొయ్యలు అరచేయంత పొడుగున చిటపటా ఎగురుతున్నాయి. మేత బస్తాలు దింపడానికి వచ్చిన కుర్రాడు చూసి, "ఆయ్, ఈసారి ముప్ఫై కౌంట్‌కి వెళ్ళిపోద్దండి" అన్నాడు. కిలోకి ముప్ఫై రొయ్యలే తూగడమంటే మంచి సైజు, మంచి రేటు. రైతు ముఖం ఒక్కసారి మారిపోయింది. ట్రే గబుక్కున నీళ్ళలోకి వదిలేసి, "ఆ మాట ఇప్పుడే అనకు బాబూ, పట్టుబడి అయ్యాక చూద్దాం" అన్నాడు. ఆ రైతు నోట్లోంచి వచ్చిన మాటకి సరిగ్గా సరిపోయే ఇంగ్లీషు డోంట్ జింక్స్ ఇట్. ముందు మురిసినమ్మ పండగెరగదు అనే సామెతలో ఉన్న భయమే ఇందులోనూ ఉంది.

ఇక్కడ మనవాళ్ళు పొరబడే చోటు ఒకటుంది, ఇది కాస్త జాగ్రత్తగా చదవండి. పిల్లలు చెడ్డ మాట అంటే పైన తథాస్తు దేవతలు ఉంటారురా, అలా అనకూడదు అని మనం కసురుతాం. మన భయం ఎక్కువగా చెడు పలికితే చెడు జరుగుతుందని. జింక్స్ తిరగబడి ఉంటుంది, మంచి జరగకముందే మంచి పలికేస్తే ఆ మంచి కాస్తా పోతుందని. పరీక్ష ఫెయిలవుతానేమో అని మీ స్నేహితుడన్నప్పుడు డోంట్ జింక్స్ ఇట్ అంటే అంతగా అతకదు, అక్కడ డోంట్ సే దట్ చాలు. పాసైపోయినట్టే, స్వీట్లు కొనేయండి అన్నాడనుకోండి, అప్పుడు జింక్స్ అచ్చంగా అతుకుతుంది.

వాడకం కష్టమేమీ కాదు. జరిగిపోయాక ఐ జింక్స్డ్ ఇట్ అనకుండా జింక్స్ట్ ఇట్ అని చివర ట శబ్దంతో పలకాలి, రాతలో మాత్రం మామూలుగా చివర ఇ, డి వస్తాయి. ఏది మొదలుపెట్టినా ఏదో ఒక అడ్డం వస్తున్న పనిని జింక్స్ట్ ప్రాజెక్ట్ అంటారు. ఇద్దరు ఒకేసారి ఒకే మాట అనేస్తే అందులో ఒకరు జింక్స్ అని అరుస్తారు, అది పిల్లల ఆట, పెద్దవాళ్ళూ ఆడతారు, మీరు నవ్వేస్తే సరిపోతుంది. ఇది నోటిమాట, సరదా మాట. బ్యాంకుకో ఇన్సూరెన్స్ వాళ్ళకో రాసే ఉత్తరంలో దీన్ని పెట్టకండి.

మాట పుట్టుక కూడా చెప్పాలి, నాకు ఎంతో ఇష్టమైన సంగతి. జింక్స్ అమెరికా మాట, 1911 నాటికి బేస్‌బాల్ రాతల్లో కనిపిస్తుంది. దానికి వెనక గ్రీకుల జింక్స్ పక్షి ఉందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. అది వడ్రంగిపిట్టల కుటుంబంలోది, బెదిరితే మెడను పాములా మెలితిప్పి బుసకొడుతుంది, పాతకాలం గ్రీకులు దాన్ని వశీకరణ మంత్రాల్లో వాడేవారు. చలికాలంలో మన దేశానికీ వలస వస్తుంది. ఇప్పుడు మన మాట చూడండి. శకునం అంటే సంస్కృతంలో పక్షి అని అర్థం, పక్షులు పెంచాయి కనుకే శకుంతల అన్నారు. ఇంగ్లీషు ఆస్పిషస్ ఎక్కడిదంటే లాటిన్‌లో పక్షిని చూసి మంచిచెడ్డలు చెప్పేవాడి పేరునుంచి వచ్చింది. మూడు చోట్లా మనిషి తన భయాన్ని పిట్టల మీదే పెట్టుకున్నాడు. సంక్రాంతి కోడిపందేలకి మన దగ్గర కుక్కుట శాస్త్రం చూసి, ఏ రోజు ఏ దిక్కున డేగ పుంజుని దింపాలి, ఏ వేళకి కాకి పుంజుని దింపాలి అని లెక్కలు కట్టే పెద్దలకి ఇది చెబితే ఆశ్చర్యపోరు.

సరే, కంటినుంచి వచ్చేది. దిష్టికి దగ్గర మాట ఈవిల్ ఐ. దీనికీ జింక్స్‌కీ తేడా ఏమిటంటే దిష్టికి ఒకరు చూడాలి, మెచ్చుకోవాలి, కొంత అసూయ ఉండాలి. జింక్స్‌కి అసూయ అక్కర్లేదు, మన నోటితో మనమే చేసుకోవచ్చు. మా నాయనమ్మ రాళ్ళ ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పెట్లో పట్టుకుని ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా దిష్టి, నీ దిష్టి అని తిప్పి పొయ్యిలో వేసేది. మిరపకాయల ఘాటు రాకపోతే, చూశావా ఎంత దిష్టి ఉందో అనేది. నా దిష్టి అని తన పేరు కూడా కలుపుకునేది చూడండి, ప్రేమగా చూసినా తగులుతుందని ఆమె నమ్మకం. ఇంగ్లీషు ఈవిల్ ఐలో ఆ మెత్తదనం లేదు. ఈవిల్ అంటేనే చెడ్డ, అవతలివాడు కావాలని చూసిన చూపు అని అర్థమొస్తుంది. కాబట్టి చంటిపిల్లని చూసి ముచ్చటపడిన పక్కింటావిడ గురించి షీ గేవ్ ద ఈవిల్ ఐ అనకండి, ఆవిడని దుర్మార్గురాలిని చేసినట్టవుతుంది. పైగా అమెరికాలో గివ్ ద ఈవిల్ ఐ అంటే కొరకొరా చూడటం అని కూడా. నన్నడిగితే దిష్టి అనే మాటనే ఉంచేసి, టూ మచ్ అడ్మిరేషన్ కెన్ హర్ట్, దట్స్ అవర్ బిలీఫ్ అని ఒక వాక్యం కలపండి. మా కొనుగోలుదారు ఒకాయన చెరువుగట్టున మోటారు షెడ్డుకి కట్టిన బూడిదగుమ్మడికాయ ఫొటో చూసి ఇదేంటని అడిగితే నేను అలాగే రాశాను. ఆ తర్వాత ఆయనే దిష్టి అని రాయడం మొదలుపెట్టాడు.

కోపం నుంచి వచ్చేది కర్స్, శాపం. శాపానికి కథ ఉండాలి, ఒకరు తప్పు చేయాలి, ఒకరు దెబ్బతినాలి. దీనికి అమెరికా బేస్‌బాల్‌లోనే చక్కటి ఉదాహరణ ఉంది. బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు బేబ్ రూత్ అనే గొప్ప ఆటగాణ్ణి న్యూయార్క్ యాంకీస్‌కి అమ్మేసుకుంది. 1918లో గెలిచాక మళ్ళీ 2004 వరకు, అంటే 86 ఏళ్ళు, ఆ జట్టు వరల్డ్ సిరీస్ గెలవలేదు. దాన్ని బేబ్ రూత్ ముద్దుపేరు మీద కర్స్ ఆఫ్ ద బాంబినో అన్నారు. జింక్స్ ఆఫ్ ద బాంబినో అని ఎవరూ అనలేదు, ఎందుకంటే అక్కడ అమ్మేసిన తప్పు ఉంది, తరతరాలు వెంటాడిన బరువు ఉంది. జింక్స్ ఒక్క పూట మాట, కర్స్ ఏళ్ళ తరబడి మోసే మాట.

కర్స్ వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. మా మేనేజర్ నన్ను కర్స్ చేశాడు అని ఇంగ్లీషులో అంటే శపించాడని ఎవరూ అనుకోరు, బూతులు తిట్టాడనుకుంటారు, ఫిర్యాదు కింద లెక్క. రెండోది పలకడం. కర్స్ అనే అనాలి, కోర్స్ అన్నారంటే చదువుకునే కోర్సు అయిపోతుంది. ఇక మన ఉసురుకి నాకు ఇప్పటిదాకా ఇంగ్లీషు మాట దొరకలేదు. ఉసురు పోసుకోవడంలో శపించడం ఉండదు, అవతలి మనిషి నోరు కూడా విప్పడు, వాడి గుండె మండితే చాలు. అలాంటప్పుడు కర్స్ అని అతికించకుండా, ద పెయిన్ హీ కాజ్డ్ కేమ్ బ్యాక్ టు హిమ్ అని విడమరిచి చెప్పడమే నయం.

హెక్స్ కూడా ఉంది. జర్మన్‌లో మంత్రగత్తె అనే మాటనుంచి, పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ జర్మన్ల ద్వారా అమెరికా ఇంగ్లీషులోకి వచ్చింది. చేతబడికి దగ్గరే గానీ మీకు దీంతో పనిపడదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళ హెక్స్ కోడ్‌కీ దీనికీ సంబంధం లేదు, అది గ్రీకు ఆరు. చేతబడి అని చెప్పాల్సి వస్తే బ్లాక్ మ్యాజిక్ అనండి, అందరికీ తెలుస్తుంది.

తర్వాత, కీడు రాకముందే కనిపించేది. ఓమెన్, బ్యాడ్ సైన్, ఈ రెండిటి మధ్య ఎంపిక దగ్గరే మనవాళ్ళు ఎక్కువగా తడబడతారు. బయల్దేరుతుంటే బల్లి మీద పడింది, దానికీ ప్రయాణానికీ కారణం కలిపే దారం లేదు, అది ఓమెన్. చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ చప్పుడు మారింది, లేదా రొయ్యలు గట్టు అంచుకి వచ్చి తేలుతున్నాయి, దానికి కారణం ఉంది, చూసి సరిచేయగలం, అది బ్యాడ్ సైన్. పని ఉత్తరాల్లో నూటికి తొంభై సార్లు మీకు కావాల్సింది బ్యాడ్ సైనే. రొయ్య తెల్లమచ్చలతో కనిపించిందని చెప్పడానికి బ్యాడ్ ఓమెన్ అని నేనొకసారి రాశాను, అవతలివాళ్ళు రోగం సంగతి వదిలేసి మా నమ్మకాల గురించి అడిగారు, ల్యాబు రిపోర్టు పంపేసరికి రెండు రోజులు పోయాయి.

శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అనే సామెత చెప్పి నవ్వించాలనుకుంటే మాత్రం ఓమెనే వాడాలి. నల్లపిల్లి ఎదురొచ్చిందని ఇంగ్లాండ్ వాళ్ళకి రాసేటప్పుడు చూసుకోండి, అక్కడ నల్లపిల్లి అదృష్టమనుకునేవాళ్ళు చాలామంది, అమెరికాలో దురదృష్టం. ఓమెన్ మంచిదీ కావచ్చు చెడ్డదీ కావచ్చు గనుక ముందు గుడ్ అనో బ్యాడ్ అనో చేర్చాలి. దాని కూతురు ఆమినస్ మాత్రం ఎప్పుడూ చెడ్డదే, పలకడం కూడా ఓ పోయి ఆ వస్తుంది. 1996 నవంబరు 6న కోనసీమను తుపాను ఊడ్చేసిన రోజు తలుచుకుంటే నాకు ఆమినస్ అనే మాట తప్ప ఇంకోటి రాదు. మధ్యాహ్నం నుంచే ఆకాశం రంగు మారిపోయింది, గొడ్లు మేత ముట్టలేదు. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లు తలలు తెగి మొండాలుగా నిలబడి ఉన్నాయి. దింపుకి వచ్చే మనుషులు ఎక్కడానికి చెట్టు లేక గట్టు మీద కూర్చుండిపోయారు. ఆ రోజుని డిజాస్టర్ అంటాం కదా, ఆ మాటలో కూడా చెడ్డ నక్షత్రం ఉంది, ఆస్టర్ అంటే చుక్క.

రాహుకాలం, వర్జ్యం, మూఢం లాంటివాటికి ఇనాస్పిషస్ సరైన మాటే, కాకపోతే బరువైన మాట. సెలవు కోసమో తేదీ మార్పు కోసమో రాస్తే, ద డేట్ ఈజ్ నాట్ సూటబుల్ యాజ్ పర్ అవర్ క్యాలెండర్ అంటే సరిపోతుంది.

ఇప్పుడు ఎవరి ప్రమేయమూ లేనిది, బ్యాడ్ లక్. ఇది అందరికీ వచ్చు, అందుకే తప్పులన్నీ ఇక్కడే. ఇట్ వాజ్ ఎ బ్యాడ్ లక్ అనకూడదు, లక్ ముందు ఎ రాదు. ఇట్ వాజ్ బ్యాడ్ లక్, లేదా ఎ స్ట్రోక్ ఆఫ్ బ్యాడ్ లక్ అనాలి. ఓడిపోయినవాడి భుజం తట్టి బ్యాడ్ లక్ అంటే ఓదార్పు, హార్డ్ లక్ అన్నా అంతే. పని ఉత్తరంలో మాత్రం ఈ మాటను అసలు వాడొద్దంటాను. వానల వల్ల లారీ రావులపాలెం దగ్గర ఆగిపోయి సరుకు ఆలస్యమైందనుకోండి, బ్యాడ్ లక్ అంటే తప్పు దేవుడి మీదకి నెట్టి తప్పించుకుంటున్నట్టుంటుంది. అన్‌ఫార్చునేట్లీ అని మొదలుపెట్టి, ఏం జరిగిందో, ఎప్పటికి చేరుతుందో వెంటనే రాయండి. అన్‌లక్కీ అన్నది మనిషికీ అంకెకీ వాడతారు. 13 అన్‌లక్కీ అనడం మనందరికీ తెలుసు. క్రికెట్‌లో 111ని నెల్సన్ అంటారు, అదీ అన్‌లక్కీయేనని నమ్మకం, ఇంగ్లాండ్ అంపైర్ డేవిడ్ షెపర్డ్ స్కోరు 111 మీద ఉంటే ఒంటికాలి మీద గెంతేవాడు. అంతటి పెద్దమనిషి మైదానం మధ్యలో అలా గెంతుతుంటే జనం ప్రేమగా చప్పట్లు కొట్టేవారు.

అంకెల మీదా రోజుల మీదా వాడినంత తేలిగ్గా మనిషి మీద ఈ మాటలు వాడకండి. మనం ఐరన్ లెగ్ అంటాం, అది ఇంగ్లీషు అనుకుంటాం. ఇంగ్లీషువాడికి అది ఇనప కాలు మాత్రమే, అర్థం కాదు. దానికి సరైన ఇంగ్లీషు హీ ఈజ్ ఎ జింక్స్, చెప్పమన్నారు గనుక చెబుతున్నాను, వాడమని మాత్రం చెప్పను. మా పిన్ని పెళ్ళయిన పదకొండు నెలలకి బాబాయి పోయాడు. అప్పుడు ఆవిడకి ఇరవై ఏళ్ళు. ఆ తర్వాత మా ఇళ్ళల్లో ఎన్ని పెళ్ళిళ్ళు జరిగాయో అన్నిటికీ సున్నుండలు చుట్టింది ఆవిడే, పెళ్ళికూతురు గుమ్మం దాటే వేళకి మాత్రం తనంతట తనే పెరటి వైపు వెళ్ళి నూతి గట్టున నిలబడేది. ఎవరూ పొమ్మనక్కర్లేదు, చిన్నప్పుడు ఎవరో అన్న ఒక్క మాట ఆవిడ కాళ్ళలో ఉండిపోయింది. మా చెల్లి పెళ్ళిలో నేను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు నిలబెడితే, వద్దురా వద్దురా అంటూనే వణికిపోయింది. జింక్స్ అనే మాట పనికి తగిలితే పోయేది ఒక్క పూట సరదా. మనిషికి తగిలితే ఎంత దూరం పోతుందో నేను చూశాను. టీమ్‌లో ఒకరు చేరినప్పటినుంచి పనులు చెడుతున్నాయనిపిస్తే వుయ్ హావ్ హ్యాడ్ ఎ రఫ్ మంత్ అనండి, నెల మీద పెట్టండి.

సూపర్‌స్టిషస్ అనే మాట కూడా ఇలాంటిదే. ఐ యామ్ ఎ బిట్ సూపర్‌స్టిషస్ అని మన గురించి మనం చెప్పుకుంటే ముచ్చటగా ఉంటుంది. యు ఆర్ సూపర్‌స్టిషస్ అంటే మూఢనమ్మకస్తుడివి అని ముఖాన అన్నట్టే. పెద్దవాళ్ళ గురించి చెప్పేటప్పుడు మై గ్రాండ్‌మదర్ బిలీవ్స్ అనండి, చాలు.

అన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టమైతే మూడు పట్టుకోండి: సరదా మాటల్లో జింక్స్, పనిలో బ్యాడ్ సైన్, ఉత్తరంలో అన్‌ఫార్చునేట్లీ. ఈవిల్ ఐ, కర్స్, ఓమెన్ కథ చెప్పేటప్పుడు పనికొస్తాయి.

మా అమ్మాయి చివరికి అడిగింది, "అయితే ఆయన డోంట్ జింక్స్ ఇట్ అన్నప్పుడు నేనేమనాలి బాబాయ్?" అని. బ్రిటిష్ వాళ్ళయితే టచ్ వుడ్, మీ అమెరికావాళ్ళకి నాక్ ఆన్ వుడ్, అని నవ్వుతూ బల్ల మీద రెండుసార్లు తట్టు అన్నాను. నిన్న మీటింగులో తట్టిందట, ఇద్దరు ముగ్గురు వాళ్ళ బల్లలు కూడా తట్టారట. మా పక్క చెరువులో కొత్త పంటకి ఇంకా ఇరవై రోజులుంది పట్టుబడి. రోజూ గట్టు మీద ఆ రైతుతో టీ తాగుతున్నాను, కౌంట్ ఎంత వస్తుందని మాత్రం అడగలేదు.